పనైపోయినా లేవని జంట

టోర్కెల్ ఓనెరూద్‌కి వీడ్కోలు సభ మూడుసార్లు జరిగింది. మూడుసార్లూ ఆకుపచ్చ కేకు కోశారు, మూడుసార్లూ పువ్వులిచ్చారు, మూడుసార్లూ యూనివర్సిటీ శాఖ అంతా లేచి నిలబడి నాలుగేసి హుర్రేలు కొట్టింది. ఆయన మూడుసార్లూ కళ్ళు తుడుచుకుని, రెండేసి ముక్కల కేకు తిని, అందరి చేతులూ ఊపి ఇంటికి వెళ్ళాడు. మూడుసార్లూ సోమవారం పొద్దున ఎనిమిదింటికి చెక్క చెప్పులు టకటకలాడించుకుంటూ వచ్చి తన గదిలో తన కుర్చీలో కూర్చున్నాడు.

తప్పు ఆయనదని ఎలా అంటాం? సభల్లో నలభై ఏళ్ళ సేవ గురించి చెప్పారు, ఆయన పాత సైకిల్ గురించి చెప్పారు, ఆయన ఒకసారి సెంట్రిఫ్యూజ్‌లో టిఫిన్ డబ్బా మర్చిపోయిన సంగతి చెప్పారు. "సోమవారం నుంచి రావద్దు" అని మాత్రం ఒక్కరూ చెప్పలేదు. స్వీడన్‌లోని ఉప్సాలాలో అలాంటి మాటలు మొహం మీద అనరు. పక్కింటివాడి కుక్క రాత్రంతా మొరిగినా తలుపు తట్టి అడగరు. కింద మెట్ల దగ్గర కాగితం అంటిస్తారు: "మన కుక్కల గురించి మనందరం ఒకసారి ఆలోచిద్దామా?" అని. కుక్కలు లేనివాళ్ళంతా ఆలోచిస్తారు. కుక్క ఉన్నవాడు మాత్రం ఆలోచించడు.

ఇదంతా చూస్తూ లోపల్లోపల ఉడికిపోతున్న మనిషి ఇల్వా హెడ్‌లోఫ్. ముప్పై తొమ్మిదేళ్ళది. టోర్కెల్ దగ్గర పీహెచ్‌డీ చేసిన ఆఖరి శిష్యురాలు. ఆయన రిటైరైన జూన్ నెలలోనే ఆమెకి సొంత గ్రూపు ఇచ్చారు. గ్రూపంటే మహా సైన్యమేమీ కాదు. తనొకతె, ఫిన్‌లాండ్ నుంచి వచ్చిన తూమో ఒకడు.

ఆమె ఉడుకుకి కారణం ఉంది. వచ్చే శుక్రవారం జర్మనీ నుంచి లారీలో ఒక మెషీను వస్తోంది. కణాల్లో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్‌లని ఒక్కొక్కదాన్నీ విడివిడిగా, అది పనిచేస్తుండగా చూపించే మెషీను. ఐదేళ్ళు దరఖాస్తులు పెట్టి, మూడుసార్లు కాదనిపించుకుని, నాలుగోసారి సాధించుకుంది. అయితే ఆ మెషీనుకి అదురు గిట్టదు. పక్క గదిలో ఎవరైనా గట్టిగా తుమ్మితే దాని బొమ్మ చెదిరిపోతుంది. అడుగున కొండరాయి ఉన్న గదులు ఆ భవనంలో రెండే. ఒకటి టోర్కెల్ కూర్చునే గది. రెండోది రొట్టె పిండిని పులియబెట్టే ఈస్ట్ మీద పరిశోధన చేసేవాళ్ళ నేలమాళిగ. గురువారం మధ్యాహ్నానికి టోర్కెల్ గది ఖాళీ అయితే మెషీను ఇల్వాది. కాకపోతే ఈస్ట్‌వాళ్ళ దగ్గర దించుతారు, ఒకసారి దించి బిగించాక ఇక దాన్ని కదిపేది లేదు. ఆ తర్వాత తన మెషీను దగ్గర వారానికి రెండు గంటలు కూర్చోనివ్వమని ఇల్వా వాళ్ళ గడప దగ్గర పడిగాపులు పడాలి. ఈస్ట్‌వాళ్ళు మంచివాళ్ళే. కానీ వాళ్ళ నవ్వు ఇల్వాకి పడదు.

నవ్వాలో ఏడవాలో తెలియని సంగతి ఇంకోటుంది. టోర్కెల్ జీవితమంతా ధారపోసింది సరిగ్గా ఈ సమస్య మీదే. పని అయిపోయాక లేవనిదాన్ని లేపడం ఎలా అన్నదాని మీద.

ల్యాబ్‌కి ఎవరు కొత్తగా వచ్చినా ఆయన బన్ను తెప్పించి మరీ చెప్పేవాడు. ఫిబ్రవరిలో అయితే సెమ్లాలు దొరుకుతాయి కాబట్టి మరీ సులువు. కింద లావుపాటి బన్ను, మధ్యలో మీగడ, పైన చిన్న మూత.

"ఇదిగో, ఇదే రైబోజోమ్. కింద పెద్ద ముక్క, పైన చిన్న ముక్క. రెండూ కలిసి జన్యువు పంపిన సందేశాన్ని ఇలా పట్టుకుంటాయి," అని మధ్యలోంచి ఒక ఎర్రటి తీపి తాడు దూర్చేవాడు. "మూడేసి అక్షరాలు చదువుకుంటూ పోతుందన్నమాట. ప్రతి మూడింటికీ ఒక మోతగాడు ఒక చిన్న సరుకు మోసుకొచ్చి అందిస్తాడు." మీగడలో ఒక బాదంపప్పు గుచ్చేవాడు. అది మోతగాడు. "సరుకు మీద సరుకు కలిపి ప్రోటీన్ గొలుసు తయారవుతుంది. ఆపు అనే గుర్తు రాగానే గొలుసు తెగి బయటికి పోతుంది. పని అయిపోయింది. ఇప్పుడు రైబోజోమ్ లేచి వెళ్ళాలా, వద్దా?"

"వెళ్ళాలి," అనేవారు వచ్చినవాళ్ళు పాపం.

"వెళ్ళదు! చచ్చినా వెళ్ళదు. ఖాళీ చేతుల మోతగాణ్ణి ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చుంటుంది. వెనక వచ్చేవన్నీ దారి లేక ఆగిపోతాయి. అప్పుడొక ప్రోటీన్ వస్తుంది. చూడ్డానికి అచ్చం మోతగాడిలాగే ఉంటుంది. ఏమీ ఎరగనట్టు మధ్యలో దూరి కూర్చుంటుంది. దాని వెనకాలే ఇంకోటి ఇంధనం మండించుకుంటూ వచ్చి ఒక్క తోపు తోస్తుంది. ఠప్!"

ఆ ఠప్‌తో బన్ను మూత ఎగిరిపడేది. మీగడ ఎదుటివాడి కోటు మీద పడేది. "చూశావా, ముక్కలకి దెబ్బ తగల్లేదు! రెండూ ఇంకో సందేశం మీద మళ్ళీ పనికొస్తాయి!" అని టోర్కెల్ చప్పట్లు కొట్టేవాడు. చేయి ఎండిపోయినా విస్తరి ముందు నుంచి లేవని చుట్టం గురించి ఇంత వివరంగా చెప్పిన పెద్దమనిషి, తను మాత్రం కుర్చీలోంచి లేచేవాడు కాదు.

ఆయన పక్క కుర్చీలో మైలిస్ ఉండేది. బాక్టీరియాను నలగ్గొట్టి వాటిలోంచి రైబోజోమ్‌లని ముత్యాల్లా తీయడంలో ముప్పై ఆరేళ్ళుగా ఆమె చెయ్యే చెయ్యి. ఆయనతోపాటే రిటైరైంది, ఆయనతోపాటే వీడ్కోలు కేకు తింది, ఆయన వెనకాలే తిరిగొచ్చింది. రోజూ క్నివ్‌స్తా నుంచి రైలెక్కి వస్తుంది. ఇప్పుడు ఆ గదిలో ఇద్దరూ చేసే పని ఒకటే. ఆయన పాత నోటుపుస్తకాలు తిరగేస్తూ "ఇంత తెలివితక్కువగా రాసిందెవడు?" అంటాడు. ఆమె అల్లిక మీదనుంచి తలెత్తకుండా "నువ్వే" అంటుంది. ఆయన పేజీ తిప్పుతాడు.

సోమవారం ఇల్వా కాగితం అంటించింది. "గదుల వాడకం గురించి మనందరం ఒకసారి ఆలోచిద్దామా? ఖాళీగా ఉండవలసిన గదుల్లో మనుషులు ఉంటున్నారేమో!" అని రాసి, కింద నవ్వుతున్న సూర్యుడి బొమ్మ కూడా వేసింది. ఆమె లెక్కలో అది కత్తి దూయడమే.

గంట తర్వాత వెళ్ళి చూస్తే కాగితం మీది మాటల కింద ఎర్ర సిరాతో రెండు గీతలు, కింద "నూటికి నూరు పాళ్ళు నిజం. ఎప్పుడో అనాల్సిన మాట" అని టోర్కెల్ సంతకం ఉన్నాయి. పైపెచ్చు ఆయన ఇల్వాని వెతుక్కుంటూ వచ్చాడు.

"చూశావా అమ్మాయ్, ఆ కాగితం? ఎవరి గురించంటావు? ఈస్ట్‌వాళ్ళేనా?"

"ఏమో," అంది ఇల్వా గోడ వైపు చూస్తూ.

"వాళ్ళే అయ్యుంటారు. కొందరికి అస్సలు ఇంగితం ఉండదు."

ఆ రోజు రెండున్నరకి ఇల్వా ఆయన గదికే వెళ్ళి, రేపటి ప్రయోగంలో మెగ్నీషియం ఎంత వెయ్యాలో అడిగి వచ్చింది. కోపానికి కోపం, పనికి పని.

అటునుంచి అటే శాఖాధిపతి హెనింగ్ దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకుంది. హెనింగ్ ఎవరికీ లేదనడు, ఎవరికీ అవుననడు. ఆయన తల ఊపితే దానర్థమేమిటో ఆయన భార్యకి కూడా తెలియదని ప్రతీతి.

"చాలా మంచి విషయం లేవనెత్తావు," అన్నాడు హెనింగ్. "మనందరం కలిసి దీని గురించి ఆలోచించాలి."

"ఆలోచించడానికి మూడు రోజులే ఉంది. నువ్వు వెళ్ళి ఆయన్ని గది ఖాళీ చెయ్యమని చెప్పు."

హెనింగ్ మొహం తెల్లగా పాలిపోయింది. కాసేపు కిటికీలోంచి మంచు చూశాడు. తర్వాత ఆయన కళ్ళు మెరిశాయి. "ఇంకో వీడ్కోలు సభ పెడదామా?"

"నాలుగోదా?"

"ఈసారి కేకు పెద్దది చెప్దాం."

మంగళవారం ఇల్వా తూమోని పంపింది. ఫిన్‌లాండ్‌వాళ్ళకి మొహమాటం ఉండదని స్వీడన్‌లో అందరికీ గట్టి నమ్మకం. నిజమే కానీ, అది వాళ్ళు నోరు తెరిచినప్పటి సంగతి. తూమో వెళ్ళాడు. తలుపు మూసుకుంది. పది నిమిషాలైంది, అరగంటైంది, గంటైంది. ఇల్వా నడవాలో గోళ్ళు కొరుక్కుంటూ తిరిగింది. చివరికి తలుపు తెరుచుకుంది.

"ఏమైంది?"

"కూర్చున్నాం," అన్నాడు తూమో.

"ఏం చెప్పావు?"

"ఏం లేదు."

"మరి గంటసేపు ఏం చేశారయ్యా?"

"కూర్చున్నాం. బాగుంది." కొంచెం ఆలోచించి, ఆ వారానికి సరిపడా మాటలన్నీ ఒక్కసారే వాడేశాడు. "ఆయన మెగ్నీషియం మింగుతున్నాడు. బల్ల మీద సీసా ఉంది. కాళ్ళు పట్టేస్తున్నాయట. రోజుకి రెండు బిళ్ళలు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పరీక్షనాళికలో మెగ్నీషియం ఎక్కువ వేస్తే రైబోజోమ్ రెండు ముక్కలూ అతుక్కుపోయి విడిపోవు, తక్కువైతే వాటంతటవే విడిపోతాయి. ఆ ల్యాబ్‌లో గ్లాసులు కడిగే ఆవిడకి కూడా తెలిసిన ముక్క ఇది.

"ఇది మరీ పిచ్చి ఆలోచన," అంది ఇల్వా.

"అవును," అన్నాడు తూమో.

"ఇద్దరం డాక్టరేట్లు పుచ్చుకున్నవాళ్ళం."

"అవును."

"ఇంతకీ సీసా ఏ వైపు ఉందన్నావు?"

సాయంత్రానికి ఆ సీసాలో పిప్పర్మెంట్ బిళ్ళలు ఉన్నాయి. టోర్కెల్ ఇంటికెళ్ళేముందు రెండు వేసుకుని, ఈసారి మందు రుచి బాగా మెరుగైందని మైలిస్‌తో అన్నాడు. బుధవారం పొద్దున పది గంటలకల్లా ఆయనకి రెండు పిక్కలూ కొయ్యబారిపోయాయి. కుర్చీలోంచి లేవడం మాట దేవుడెరుగు, కాలు కదపలేకపోయాడు. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే. ఇల్వా సిగ్గుతో చచ్చిపోయి అసలు బిళ్ళలు తీసుకెళ్ళి సీసాలో పోసి, తనే చేత్తో రెండు ఇచ్చి నీళ్ళు తాగించింది.

అప్పుడు, గ్లాసు అందిస్తూ, వాళ్ళిద్దరినీ చూసింది. ఆయన కుర్చీ చెయ్యి ఆమె కుర్చీ చేతిని ఆనుకుని ఉంది. ఆయన పెన్ను కింద పడితే ఆమె వంగి తీస్తోంది. ఆమె ఉన్ని ఉండ దొర్లితే ఆయన చెక్కచెప్పుతో ఆపుతున్నాడు. పెద్ద ముక్క, చిన్న ముక్క. ఇంతకాలం తను టోర్కెల్‌ని పంపాలని చూస్తోంది. లేపాల్సింది ఆయన్ని కాదు. ముందు ఈ జంటని విడగొట్టాలి.

మధ్యాహ్నం కాఫీ అయ్యాక ఇల్వా తూమోకి పని ఒప్పజెప్పింది. "నువ్వు మోతగాడిలా కనిపించే ప్రోటీన్‌వి. మధ్యలో దూరి కూర్చోవాలి. అంతే."

"కూర్చుంటాను," అన్నాడు తూమో. అతనికి నచ్చిన ప్రయోగం ఇన్నాళ్ళకి దొరికింది.

ఇల్వా ఇంధనంగా రెండు కప్పుల కాఫీ గడగడా తాగింది. తూమో ముక్కాలి పీట పట్టుకుని గదిలోకి వెళ్ళి, "నిన్న బాగుంది, మళ్ళీ వచ్చాను" అన్నాడు. మర్యాదస్తులు కదా, ఇద్దరూ చెరోవైపు జరిగి చోటిచ్చారు. తూమో మధ్యలో కూలబడ్డాడు. వెనకాలే ఇల్వా దూసుకొచ్చి, "టోర్కెల్, నీకు కాళ్ళ నొప్పులు కదా, లేవకు, నీకొకటి చూపించాలి" అంటూ కాళ్ళకి చక్రాలున్న ఆయన ఆఫీసు కుర్చీని ఒక్క తోపు తోసింది.

కుర్చీ గడప దాటింది. చల్లగది దాటింది. నేల నున్నగా మెరుస్తోంది, కాఫీ ఇల్వా నరాల్లో మెరుస్తోంది. మలుపు దగ్గర కప్పుల పళ్ళెంతో ఎదురొచ్చిన హెనింగ్ గోడకి బల్లిలా అతుక్కుపోయాడు.

"ఇంకాస్త వేగంగా తొయ్యి!" అని అరిచాడు టోర్కెల్.

నడవా చివర, గ్లాసులు కడిగే గది దగ్గర కుర్చీ ఆగింది. ఇల్వాకి ఆయాసం. టోర్కెల్‌కి ఆనందం.

"చూపిస్తానన్నది ఏది?"

"ఏమీ లేదు. ఒకటి అడగాలి, నిజం చెప్పు. నువ్విక్కడికి రోజూ ఎందుకొస్తున్నావు?"

టోర్కెల్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నాకు రావాలని లేదమ్మాయ్. సముద్రం ఒడ్డున ఎరెగ్రుండ్‌లో నా పడవ షెడ్డులో పడుంది, అడుగు చెక్కలు మార్చాలి. కానీ మైలిస్ వస్తుందే! ఒంటరిది. పొద్దున్నే రైలెక్కి అంత దూరం నుంచి వస్తుంటే నేను మానేస్తే ఏం బావుంటుంది?"

ఇల్వాకి గంతెయ్యాలనిపించింది. ఆయన్నక్కడే వదిలేసి వెనక్కి పరిగెత్తింది. ఈలోపు గదిలో తూమో ఏమీ మాట్లాడకుండా కూర్చునుండడం వల్ల, మైలిస్ తన మనసంతా అతని ముందు పోసేస్తోంది.

"ఇంట్లో మగ్గం మీద తివాచీ సగంలో ఆగిపోయింది నాయనా. పూర్తి చేద్దామంటే తీరికేదీ? టోర్కెల్‌ని ఒక్కణ్ణీ వదిలేస్తే ఎలా? కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని ఊరంతా వెతికే మనిషి. ఆయన కోసమే వస్తున్నాను."

ఇల్వా రెండు చేతులూ పైకెత్తింది. సరిగ్గా అప్పుడే నడవాలోంచి టకటకమని చప్పుడు. టోర్కెల్ చెక్కచెప్పులతో నేలని తన్నుకుంటూ కుర్చీతో సహా వెనక్కి దొర్లుతూ వచ్చి, మైలిస్ పక్కన తన చోట్లో ఆగాడు. విడిపోయిన ముక్కలు మళ్ళీ అతుక్కోకుండా చిన్న ముక్క దగ్గర కాపలా కూర్చునే మూడో ప్రోటీన్ ఒకటుంటుంది. ఇల్వా ఆ సంగతే మర్చిపోయింది. పుస్తకాలు రాసినవాళ్ళు కూడా కంగారులో పేజీలు దాటేస్తారు.

ఇక ఆమెకి ఓపిక చచ్చింది. గొంతు చించుకుని అరిచేసింది.

"మీ ఇద్దరికీ రావాలని లేదు! ఆయన నీ కోసం వస్తున్నాడు, నువ్వు ఆయన కోసం వస్తున్నావు! ఎనిమిది నెలలుగా మొహమాటానికి కూర్చున్నారు! మీకు దణ్ణం పెడతాను, ఇళ్ళకి పొండి!"

తూమో తన బూట్ల వైపు చూసుకున్నాడు. ఆ భవనం కట్టిన తర్వాత అందులో ఇంత గట్టిగా ఎవరూ అరవలేదు.

ముందు మైలిస్ నవ్వింది. తర్వాత టోర్కెల్ నవ్వాడు. ఇద్దరూ కళ్ళమ్మట నీళ్ళు కారేదాకా నవ్వారు.

"రావాలని లేదన్న మాట మేం మొదటి వారంలోనే అనుకున్నాం తల్లీ," అంది మైలిస్.

"మరి ఇప్పుడు నాకూ తూమోకీ చెప్పింది?"

"ఎవరైనా అడిగితే చెప్పడానికి ఓ మాట ఉండాలి కదా," అన్నాడు టోర్కెల్. బల్ల మీది పళ్ళెంలోంచి మిగిలిన సెమ్లాని లాక్కుని ముందు పెట్టుకున్నాడు. "సరే, పరీక్ష. పెద్ద ముక్కా చిన్న ముక్కా విడిపోయాయి. పని అయిపోయినట్టేనా?"

ఆయన ఆ గొంతుతో అడిగితే ఇల్వా వెన్ను దానంతటదే నిటారుగా అయ్యేది. ఇప్పుడూ అయింది. "కాలేదు. ఖాళీ మోతగాడు ఇంకా చిన్న ముక్కలోనే ఉంటాడు. సందేశాన్ని పట్టుకుని."

"వాడి చేతిలో ఏమైనా ఉందా?"

"లేదు. తెచ్చింది ఎప్పుడో ఇచ్చేశాడు."

"మరి ఇంకా ఎందుకు పట్టుకున్నాడు?"

"ఎవరూ వదిలించలేదు కాబట్టి."

"బాగా చెప్పావు. ఈ గదిలో వాడెవడు?"

ఇల్వా తూమో వైపు చూసింది. తూమో ఇల్వా వైపు చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

"రోజూ రెండున్నరకి ఈ తలుపు తోసుకుని వచ్చేదెవరమ్మా?" అంది మైలిస్ నెమ్మదిగా.

"సందేహం ఉంటే అడగొద్దా?"

"మొన్న ఏమడిగావు?" అన్నాడు టోర్కెల్.

"మెగ్నీషియం ఎంత వెయ్యాలని."

"అది నీ థీసిస్ నలభై రెండో పేజీలో ఉంది. ఆ అంకె తప్పని నేను వారం రోజులు నీతో పోట్లాడాను. నువ్వే గెలిచావు. గెలిచిన అంకెని ఓడినవాడి దగ్గరికొచ్చి అడుగుతావేమిటి?"

ఇల్వా బల్ల మీది మందు సీసాని అటూ ఇటూ తిప్పింది.

"మొదటి కేకు తిన్న తర్వాత సోమవారం, పుస్తకాలు సర్దుకుపోదామని వచ్చాను," అన్నాడు ఆయన. "గంట పని. రెండున్నరకి నువ్వొచ్చావు. మొహం పాలిపోయి ఉంది. గ్రూపు నడపడం ఎలా అన్నావు. అలాంటిదాన్ని వదిలేసి పడవ బాగుచేసుకోనా? మైలిస్‌కి ఫోన్ చేశాను. మర్నాడు ఆమె వచ్చింది. నువ్వు అడగడం మానేసిన రోజు లేచిపోదామని ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం. నువ్వు మానలేదు."

"ఆ సంగతి నాకు చెప్పొచ్చు కదా!"

"చెప్తే నువ్వు నొచ్చుకోవూ?" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఇల్వా తూమో ఖాళీ చేసిన పీట మీద కూర్చుంది. సిగ్గేసింది. గోడ మీద కాగితాలంటించి, ముసలాయన మందుబిళ్ళలు దొంగిలించి, హెనింగ్‌ని గోడకి అతికించి, ఇంతా చేసి గట్టిగా పట్టుకుని వేలాడుతున్నది తను. సిగ్గు తర్వాత భయమేసింది. ఈ ఇద్దరూ వెళ్ళిపోతే తన పైన ఇక ఎవరూ ఉండరు. శుక్రవారం వచ్చే మెషీనులో పుస్తకాలన్నీ తప్పని చెప్పే బొమ్మ ఒకటి కనిపిస్తే, పరిగెత్తుకెళ్ళి చూపించడానికి ఒక తలుపుండదు. ఆమెకి గది కావాలి. గదిలో వీళ్ళూ కావాలి. రెండూ ఒకేసారి ఉండవని ఎనిమిది నెలలుగా తెలిసే, తెలియనట్టు నటించింది.

"గది కావాలా, వద్దా?" అన్నాడు టోర్కెల్.

"కావాలి."

"అయితే ఓ మాట అనాలి. మూడు సభల్లో ఎదురుచూశాను, ఒక్క మగాడు అనలేదు, ఒక్క ఆడది అనలేదు. నువ్వు అను."

ఇల్వా గొంతు సవరించుకుంది. "ఇన్నేళ్ళుగా మీరిద్దరూ మా అందరికీ..."

"అది కేకు దగ్గర చెప్పే మాట."

"ఎప్పుడైనా కాఫీకి వస్తూ ఉంటే..."

"అదైతే రేపే వచ్చేస్తాను."

ఆమె నేల వైపు చూసింది. కిటికీ వైపు చూసింది. ఆదుకుంటాడేమోనని తూమో వైపు చూస్తే, అతను గోడ మీది క్యాలెండర్‌లో సెలవులు లెక్కపెడుతున్నాడు.

"నాకు ఇక మీతో పని లేదు," అంది. "వెళ్ళిపోండి."

"హమ్మయ్య!" అన్నాడు టోర్కెల్.

లేచాడు. మోకాళ్ళు కటకటమన్నాయి. మైలిస్ అల్లిక సంచిలో వేసుకుని లేచింది. వెళ్తూ ఇల్వా తల మీద చెయ్యి వేసింది. "నిజం కాకపోయినా బాగా అన్నావు తల్లీ," అని చెవిలో చెప్పింది.

నోటుపుస్తకాలు అక్కర్లేదన్నాడు టోర్కెల్. వాటిలో తప్పులన్నీ ఇప్పటికే చదివేశాడట. ఇల్వా కిటికీ దగ్గర నిలబడి చూసింది. కింద మంచు మీద ఇద్దరూ ఒక నిమిషం ఆగారు. ఆయన బస్సు వైపు, ఆమె రైలు స్టేషన్ వైపు తిరిగారు. ఇద్దరూ పదేళ్ళు వయసు తగ్గినట్టు చకచకా నడిచారు. ఒక్కసారైనా వెనక్కి చూస్తారేమోనని ఇల్వా ఎదురుచూసింది. చూడలేదు. ఆమె చాలాసేపు ఏడ్చింది. తూమో పక్కనే కూర్చున్నాడు. ఆ పని అతనికి బాగా వచ్చు.

సాయంత్రం హెనింగ్ తలుపులోంచి తొంగిచూసి ఖాళీ కుర్చీలు చూశాడు. "ఎలా పంపించావు? సభ పెట్టకుండానే?"

"వెళ్ళిపొమ్మన్నాను."

"అంటే... ఆ మాటే? మొహం మీదే?"

"మొహం మీదే."

హెనింగ్ గోడ పట్టుకుని మెల్లగా టోర్కెల్ కుర్చీలో కూర్చున్నాడు. ఆయన తేరుకునేదాకా తూమో నీళ్ళు పట్టించాల్సి వచ్చింది. తర్వాత ఆయన్ని కూడా లేపాల్సి వచ్చింది.

శుక్రవారం పదింటికి లారీ వచ్చింది. డ్రైవరు వెనక తలుపులు తెరిచి, చీటీ చూసుకుంటూ ఈ పెట్టె ఎవరి గదిలో దించాలని అడిగాడు. టోర్కెల్ గదిలో అని ఇల్వా నోటిదాకా వచ్చింది.

"నా గదిలో," అంది. ముందు నడిచి వెళ్ళి తలుపు బార్లా తెరిచి పట్టుకుంది.